దీవుల తోటలకు శాస్త్రం తోడు

పండిన నోని కాయను చేతిలోకి తీసుకుంటే ముక్కు చిట్లించక తప్పదు. పాతబడిన చీజ్ లాంటి ఘాటైన వాసన, ఒళ్లంతా కళ్లున్న గరుకు తొక్క, చప్పగా చేదుగా ఉండే గుజ్జు. ఇష్టపడి కొరుక్కుతినే పండు కాదిది. అయినా అండమాన్ నికోబార్ దీవుల వ్యవసాయ శాస్త్రవేత్తలు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. దీవుల్లో సహజంగా పెరిగే చెట్లను వెతికి, మేలైనవాటిని ఏరి, సమృద్ధి, సంజీవిని, సంపద, రక్షక్ అనే నాలుగు రకాలను రైతులకు అందించారు. ఇంగ్లీషులో ఇండియన్ మల్బరీ అని పిలిచే ఈ పండు నికోబారీల ఇళ్లలో ఎప్పటినుంచో మందు. వాళ్లు దాన్ని లోరాంగ్ అంటారు. మన పల్లెల్లో కనిపించే తొగరు చెట్టుకు ఇది దగ్గరి చుట్టం.

నోనిని వ్యాపార పంటగా మార్చే ప్రయత్నం చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. మారుమూల రైతుకు పొలం, పెట్టుబడి ఎంత అవసరమో, పిలిస్తే పలికే శాస్త్రవేత్త కూడా అంతే అవసరం. దీవుల్లో ఆ అవసరం ఇంకా ఎక్కువ.

విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతంలో ఉన్న ఈ దీవుల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో ఎనభై శాతానికి పైగా అడవే. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో అయిదేళ్లకు పైగా కురిసే వాన ఇక్కడ ఏడాదిలో కురుస్తుందన్నమాట. అదీ మే నుంచి డిసెంబరు దాకానే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నీటికి కటకట. కాబట్టి ప్రధాన భూభాగంలో రాసిన సాగు సలహాలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు. ఎరువు మోతాదు, నాటే కాలం, తెగుళ్ల తీరు, అన్నీ ఇక్కడి నేల మీద పరీక్షించి తేల్చుకోవాల్సిందే.

ఆ పని కోసమే భారత వ్యవసాయ పరిశోధన మండలి 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఆ నగరం పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. గరాచర్మలో ఉన్న ఆ సంస్థను ఇప్పుడు కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ అంటున్నారు. దాని పరిశోధన రైతుకు చేరే దారి కృషి విజ్ఞాన కేంద్రాలు. దక్షిణ అండమాన్‌కు సిప్పిఘాట్‌లో, ఉత్తర మధ్య అండమాన్‌కు నింబుదేరాలో, నికోబార్ జిల్లాకు కార్ నికోబార్‌లో ఒక్కోటి ఉన్నాయి. ఇది తెలుగువారికీ సంబంధించిన సంగతే: 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. వారిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఇక్కడి సేద్యాన్ని తలకిందులు చేసింది. ఆ సునామీని పుట్టించిన భూకంపానికి దక్షిణ అండమాన్, నికోబార్ దీవుల్లో నేల కుంగింది. సిప్పిఘాట్ పరిసరాల్లో వరి పండిన పొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి. ఉప్పు సోకిన నేలలో ఏది బతుకుతుందన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో నోని ఒకటి. అది సముద్రతీరాన్నే పుట్టిన చెట్టు. దాని గింజలో చిన్న గాలి అర ఉంటుంది. ఆ అర వల్లే గింజ అలల మీద తేలుతూ దీవి నుంచి దీవికి చేరుతుంది. చెట్టు ఉప్పుగాలిని తట్టుకుంటుంది, కొబ్బరి తోటల్లో అంతరపంటగా పెరుగుతుంది, ఏడాది పొడవునా కాస్తుంది.

అయితే తీరాన దానంతట అది మొలిచే చెట్టును తోటగా వేయడం వేరే పని. నోని గింజకు గట్టి పెంకు ఉంటుంది. నారుమడిలో అలాగే చల్లితే మొలకెత్తడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. గింజ కొసను గోరుగిల్లే కత్తెరతో కాస్త తుంచితే చాలు, నెలా రెండు నెలల్లో మొలక కనిపిస్తుంది. ఎవరూ చెప్పకపోతే రైతు గింజలు చచ్చాయనుకుని మడి దున్నేస్తాడు. పరిశోధనను రైతుకు చేర్చే విస్తరణ నిపుణుడి విలువ ఇలాంటి చిన్న మాటల్లోనే ఉంది.

ఇదే పంటను పసిఫిక్ సముద్రంలోని మరో దీవుల గుంపు హవాయి మనకన్నా ముందే చేపట్టింది. అమెరికాలో 1914 నాటి స్మిత్ లీవర్ చట్టం విశ్వవిద్యాలయాలకు విస్తరణ సేవను అప్పగించింది. ఆ పద్ధతిలోనే హవాయి విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ల నిపుణుడు స్కాట్ నెల్సన్ నోని రైతుల కోసం పనిచేశారు. విత్తనం నుంచి కోత దాకా సాగు పద్ధతులను చిన్న పుస్తకాలుగా రాశారు. వానలు ఎక్కువైనప్పుడు ఆకులూ కాయలూ నల్లబడి చెట్టుకే వేలాడే తెగులును, వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులను వివరించి, ఏం చేయాలో, ఏ నేలలో తోట వేయకూడదో చెప్పారు. 2006లో క్రెయిగ్ ఎలెవిచ్‌తో కలిసి రైతులకూ వినియోగదారులకూ పనికొచ్చే పూర్తి పుస్తకం తెచ్చారు. వాన, తేమ, ఉప్పుగాలి దండిగా ఉన్న అండమాన్‌కు హవాయి అనుభవం దగ్గరి పాఠం.

నోని విషయంలో శాస్త్రవేత్తలకు ఇంకో బాధ్యత కూడా ఉంది. ఈ రసం క్యాన్సర్ నుంచి మధుమేహం దాకా సర్వరోగ నివారిణి అంటూ ప్రపంచమంతా ప్రచారం సాగింది. ఆ మాటలకు తగిన ఆధారాలు లేవు. ఐరోపా సంఘం 2003లో నోని రసాన్ని కొత్త ఆహార పదార్థంగా అనుమతించింది, మందుగా కాదు. తర్వాత కొందరు వినియోగదారుల్లో కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు నివేదించారు. 2006లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, ఆ జబ్బులకు రసమే కారణమనడానికి నమ్మదగ్గ ఆధారం లేదంది. ఈ రసంలో పొటాషియం ఎక్కువన్నది మాత్రం తేలిన విషయం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుల బాధ ఎరిగిన తెలుగువారికి ఈ హెచ్చరిక విలువ వేరే చెప్పనక్కర్లేదు. పంటను ప్రోత్సహించే నోటితోనే ఈ మాట కూడా చెప్పాలి. రైతు పేరు మీద అబద్ధం అమ్ముడైతే చివరకు నష్టపోయేది ఆ రైతే.

నోని తర్వాత ఇప్పుడు అందరి చూపూ డ్రాగన్ ఫ్రూట్ మీద పడింది. ఆంధ్ర, తెలంగాణల్లో లాగే అండమాన్‌లోనూ రైతులు దీన్ని సాగు చేస్తున్నారు. కొమ్మ ముక్క తెచ్చి నాటితే చాలు బతికే కాక్టస్ ఇది. చిక్కంతా అక్కడే ఉంది. చేతులు మారి వచ్చిన ముక్క ఏ జాతిదో కాయ కాసేదాకా తెలియదు. దీవుల పరిశోధన సంస్థకు చెందిన అభిరామి, ఆమె సహచరులు ఇక్కడ పెరుగుతున్న మూడు జాతులను రూపురేఖలు, రసాయన గుణాలు, డీఎన్ఏ ఆధారంగా వేరుచేసి 2021లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించారు.

ఆ గుర్తింపు రైతుకు ఎందుకంటే, డ్రాగన్ పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది. కొన్ని రకాలు తమ పుప్పొడితో తాము కాయవు. అలాంటి తోటలో రైతు రాత్రిపూట లైటు పట్టుకుని, కుంచెతో వేరే రకం పుప్పొడిని తెచ్చి పువ్వు మధ్యలో అద్దాలి. తోటలో ఏముందో తెలియకపోతే స్తంభాలకీ మొక్కలకీ పెట్టిన డబ్బంతా పూలతోనే రాలిపోతుంది. పైగా వేళ్ల దగ్గర నీరు నిలిస్తే ఈ మొక్క కుళ్లిపోతుంది. 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట మొక్క కన్నా ముందు ఆలోచించాల్సింది నీరు పోయే దారి.

కృషి విజ్ఞాన కేంద్రం పని సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. 1974లో పుదుచ్చేరిలో మొదటిది పుట్టింది. నేడు దేశంలో 730కి పైగా ఉన్నాయి. పరిశోధన కేంద్రంలో నెగ్గిన రకాన్ని రైతు పొలంలోనే పరీక్షించడం, నలుగురూ చూసేలా ప్రదర్శన క్షేత్రం వేయడం, శిక్షణ ఇవ్వడం, రైతు చెప్పిన ఇబ్బందిని తిరిగి శాస్త్రవేత్తకు చేర్చడం వాటి విధులు. నికోబార్‌లో ఈ బాధ్యత మరీ సున్నితం. కార్ నికోబార్, నాన్‌కౌరీ దీవుల్లో 14,491 హెక్టార్లకు ఒకేసారి సేంద్రియ ధ్రువీకరణ లభించింది. అక్కడ తెగులు వస్తే డబ్బా మందు రాసివ్వడం కుదరదు. సేంద్రియ మార్గాన్నే చూపాలి.

ఇంత చేసినా ఒక మెట్టు మిగిలే ఉంది. నోనిని పచ్చి పండుగా ఎవరూ కొనరు, రసం తీయాలి. డ్రాగన్ పండు నిలవ ఉండేది కొద్ది రోజులే, ఓడ ఎక్కి ప్రధాన భూభాగానికి చేరేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. మంచి రకం ఇచ్చిన సంస్థలే రసం తీసే యంత్రం, శీతల గిడ్డంగి, కొనుగోలు ఒప్పందం దాకా రైతు వెంట నడవాలి. రకాల విడుదలతో పాటు వాటిని నాటిన రైతుకు ఎంత మిగిలిందన్నది కూడా పరిశోధనకు కొలమానం కావాలి. ఆ లెక్క ఏటా బయటపెడితే దీవుల రైతులకు అంతకన్నా మేలు లేదు.

అండమాన్‌లో ఉన్నా, ఆమదాలవలసలో ఉన్నా, కొత్త పండ్ల మొక్క కొనేముందు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి ఒకసారి వెళ్లండి. మొక్క జాతి, నీరు పోయే దారి, కొనేవాళ్లెవరు అన్న మూడు ప్రశ్నలు అడగండి. వెళ్లలేకపోతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది. నంబరు 1800 180 1551. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.