‘లాగిన్’లో ఉన్న లాగ్ ఏమిటి?

పిల్లలూ, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రోజూ ‘లాగిన్’ అవుతుంటారు కదా! అందులోని ‘లాగ్’కి నిఘంటువు తీస్తే మొదట కనిపించే అర్థం చెక్క దుంగ, మొద్దు. దుంగకీ పాస్‌వర్డ్‌కీ ఏం సంబంధం? ఉంది. అది ఓడ మీద మొదలైంది.

రోడ్డు మీద మైలురాళ్ళు ఉంటాయి, నడిసముద్రంలో ఉండవు. అందుకని పూర్వం నావికులు ఒక చెక్కముక్కకి పొడవైన తాడు కట్టి ఓడ వెనక నీళ్ళలోకి వదిలేవారు. ఆ చెక్క పేరే లాగ్. అది దాదాపు వేసినచోటే తేలుతుంటే ఓడ ముందుకి పోతుంది, తాడు విచ్చుకుంటూ వస్తుంది. తాడుకి సుమారు 14.4 మీటర్లకొక ముడి వేసేవారు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు జారితే వేగం అన్ని ‘నాట్’లు. నాట్ అంటే ముడి అనే అర్థం. 28 సెకన్లకి 14.4 మీటర్లయితే గంటకెంతో మీరే లెక్క వేయండి. సుమారు 1,851 మీటర్లు వస్తుంది. సముద్రపు మైలు 1,852 మీటర్లు! ఓడల వేగం ఇప్పటికీ నాట్‌లలోనే చెబుతారు.

ఆ వేగాన్ని రాసుకునే పుస్తకం లాగ్‌బుక్ అయింది. తర్వాత ఓడతో పని లేకుండా, జరిగింది జరిగినట్టు వరసగా రాసే ఏ పుస్తకానికైనా ఆ పేరు వచ్చింది. కంప్యూటర్ కూడా ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకుంటుంది. అలా నమోదై లోపలికి వెళ్ళడమే లాగిన్. ‘వెబ్‌లాగ్’ కుదించుకుపోయి ‘బ్లాగ్’ అయింది.

ఒక్క జాగ్రత్త: పై తరగతుల లెక్కల్లో వచ్చే ‘లాగ్’ దీనికి చుట్టం కాదు. అది లాగరిథం, 1614లో జాన్ నేపియర్ గ్రీకు మాటలతో కూర్చిన పేరు.

మాటకి ఇలా రెండో అర్థం రావడం మనకి కొత్తేం కాదు. మొద్దు అంటే చెక్కే, కానీ ‘మొద్దు నిద్ర’ అంటాం. ఇంగ్లీషువాళ్ళు కూడా గాఢనిద్రని లాగ్‌తోనే పోలుస్తారు.

తల్లిదండ్రులకి ఒక మాట. ‘మాకు ఇంగ్లీషు రాదు, పిల్లలకేం చెప్పగలం’ అనుకోకండి. ఒక మాటకి ఒకటే అర్థం బట్టీపట్టిన పిల్లలు పాఠంలో లాగ్‌బుక్ రాగానే ఆగిపోతారు. ‘ఆ మాట వెనక ఉన్న వస్తువేమిటి?’ అని తెలుగులోనే అడగండి. వస్తువు కళ్ళకి కడితే మిగతా అర్థాలు వాళ్ళే పట్టుకుంటారు.

ఈ వారం పని: యాంకర్ అంటే లంగరు. మరి టీవీలో కార్యక్రమం నడిపేవారికి ఆ పేరెందుకు? ఇంట్లో అందరూ కలిసి ఆలోచించి, నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు తెలుగులో రాసుకురండి.