రాతి పుట్టుక – త్రాటి భద్రత

వసంత్ కుంజ్‌లో నివసించే మాకు ఆరావళి కొండలు ఇరుగుపొరుగు వంటివి. మా నేల క్రింద ఉన్న క్వార్ట్‌జైటు ఒకప్పటి ఇసుకరాయి. వంద కోట్ల ఏండ్లకు పూర్వమే వేడిమికి, ఒత్తిడికి లోనై గట్టిపడినది. ఆదివారములలో త్రాళ్లు, హెల్మెట్లు మూటగట్టుకొని ఫరీదాబాదు జిల్లాలోని ధౌజ్‌కు వెళ్లి మేము ఎక్కేది కూడా ఈ రాతినే. దీని అంచులు వ్రేళ్లకు చక్కని పట్టునిస్తాయి. ఆ పదునే త్రాటికి శత్రువు. ఒరసుకొనే చోట మందపాటి గుడ్డ వేయక తప్పదు.

మన భువనగిరి గుట్ట తీరు వేరు. అది గ్రానైటు. నునుపైన వాలుపై బూటు అడుగుకు కలిగే రాపిడియే ఆధారము. 2014 మే 25న ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తొలి పాఠములు నేర్చినది అక్కడే.

ఇక కరిగిన శిల చల్లారి స్తంభములుగా చీలిన చోట లెక్క పూర్తిగా మారుతుంది. అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో జనావాసములకు దూరముగా నిలిచిన డెవిల్స్ టవర్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అడుగు నుండి 264 మీటర్ల ఎత్తు. అది అగ్నిపర్వత కంఠమా, భూమిలోనే గడ్డకట్టిన ముద్దయా అన్నది భూవిజ్ఞానులు ఇంకను తేల్చలేదు. చల్లారుతూ కుంచించుకొనుట వలన రాయి నిలువునా పగిలి, పలు భుజముల కంబములైనది. 1893లో ఇద్దరు స్థానికులు ఒక పగులులో కొయ్యమేకులు దిగగొట్టి, నిచ్చెనగా చేసి శిఖరము చేరిరి. 1937లో ఫ్రిట్జ్ వీస్నర్ బృందము నిచ్చెన లేకుండ, పగులులో చేతులు, పాదములు ఇరికించుకొంటూ ఎక్కినది. 1941లో పారాచూట్‌తో శిఖరముపై దిగిన జార్జ్ హాప్కిన్స్ దిగే దారి లేక ఆరు రోజులు చిక్కుబడినాడు. ఎక్కడము కన్న దిగడమే ముందు ఆలోచించవలెననుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

స్తంభశిలలో పగులు యాంకరుకు అనువైనదే, కాని ఆ స్తంభమే వదులైనచో యాంకరు ఎంత బలమైనను వృథా. అందుకే సుత్తితో తట్టి చూస్తాము. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులు రాయి బోలుగా పలుకుతుంది. రెండు యాంకర్లకు బరువు పంచునప్పుడు వాటి నడుమ కోణము 60 డిగ్రీలైతే ఒక్కొక్కదానిపై 58 శాతము పడుతుంది. కోణము 120 అయితే ఒక్కొక్కటి పూర్తి బరువు మోయవలసి వస్తుంది. డ్రాయింగు బల్లపై ఎవరికైనను తెలిసిన ఈ లెక్క కొండ అంచున, అలసట వేళ, మరుగునపడుతుంది. ఆ మరపు ఖరీదు త్రాటి చివర వ్రేలాడు మనిషి ప్రాణము.

హర్యానాలోని భివానీ జిల్లా తోషాం గుట్టలు రయొలైటు, అనగా అగ్నిపర్వతశిల. రానున్న శీతాకాలమున మేమచ్చటికి పోదలచినాము. మొదటి పర్యటనలో త్రాళ్లు విప్పము. సుత్తి, నోటుపుస్తకము మాత్రమే తీసుకొని వెళ్తాము.