విదేశీ కరెన్సీ ఖాతా: ఎవరికి లాభం, ఎవరికి భారం?

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసర గ్రామాల్లో మహిళలు ఇంటి అరుగుల మీద కూర్చుని అల్లే లేసు అమెరికా, ఐరోపా దేశాల భోజన బల్లల మీదికి చేరుతుంది. సరుకు వెళ్లే దారి వ్యాపారులందరికీ తెలిసినదే. దానికి బదులుగా వచ్చే సొమ్ము ఏ దారిన వస్తున్నదో, దారిలో ఎంత కరిగిపోతున్నదో లెక్క చూసుకునే చిన్న వ్యాపారులు మాత్రం తక్కువ. బేరం దగ్గర పది సెంట్ల కోసం గంటసేపు వాదించే ఎగుమతిదారు, బ్యాంకు తన డాలరుకు ఎన్ని పైసలు తగ్గించి కట్టిందో రసీదు తిప్పి చూడడు.

ఇటువంటి వ్యాపారులను ఉద్దేశించే ఇటీవలి సంవత్సరాల్లో ‘పలు కరెన్సీల ఖాతా’ అన్న మాట విరివిగా ప్రచారంలోకి వచ్చింది. డాలర్లు, యూరోలు, పౌండ్లు వేటికవి విడిగా నిల్వ చేసుకోవచ్చునని, అవసరమైనప్పుడు మార్చుకోవచ్చునని ప్రకటనలు చెబుతాయి. వినడానికి బాగానే ఉంటుంది. అయితే మన దేశంలో ఆ ఒక్క పేరుతో చలామణి అవుతున్నవి మూడు వేర్వేరు సదుపాయాలు. వాటి నియమాలు వేరు, వాటివల్ల మేలు పొందేవారు వేరు.

మొదటిది, పాతది, బ్యాంకుల్లో ఈఈఎఫ్‌సీ అనే పొడి అక్షరాలతో వ్యవహరించే విదేశీ మారక ఆర్జనదారుల ఖాతా. దీని పుట్టుక సంస్కరణల తొలినాళ్లది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం రాజ్యమేలుతున్న రోజుల్లో ఎగుమతిదారు సంపాదించిన ప్రతి డాలరునూ అధికార రేటుకు అప్పగించవలసిందే. 1992 మార్చిలో ఆ కట్టు సడలింది. ఆర్జనలో 40 శాతాన్ని అధికార రేటుకు, 60 శాతాన్ని మార్కెట్ రేటుకు మార్చుకునే ద్వంద్వ విధానం వచ్చింది. మరుసటి సంవత్సరం రెండు రేట్లూ ఒకటయ్యాయి. ఆ సరళీకరణ కాలంలోనే ఆర్జనలో కొంత భాగాన్ని విదేశీ కరెన్సీగానే అట్టిపెట్టుకునే వెసులుబాటు లభించింది. క్రమేణా ఆ వాటా పెరిగి నేడు నూటికి నూరు శాతమైంది.

కాగా ఇచ్చిన స్వేచ్ఛకు హద్దు కూడా ఉన్నది. 2012లో రూపాయి వేగంగా క్షీణిస్తున్న తరుణంలో, ఈ ఖాతాల్లో ఉన్న నిల్వల్లో సగాన్ని పక్షం రోజుల్లో రూపాయల్లోకి మార్చవలసిందిగా మే నెలలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. జులైలో ఆ ఆదేశాన్ని సడలించి, దాని స్థానంలో ఇంకొక నియమం పెట్టింది: ఒక నెలలో జమ అయిన మొత్తంలో, ఆమోదిత చెల్లింపులకూ ముందస్తు ఒప్పందాలకూ పోగా మిగిలినది మరుసటి నెలాఖరులోగా రూపాయలుగా మారాలి. మార్చి 3న వచ్చిన డాలర్లకు ఏప్రిల్ 30 తుది గడువు అన్నమాట. పైగా ఇది కరెంటు ఖాతా మాత్రమే; నిల్వ మీద పైసా వడ్డీ రాదు. డాలరు పెరిగేదాకా ఆగి అమ్ముకుందామని ఆశపడేవారు ఈ రెండు సంగతులనూ సాధారణంగా విస్మరిస్తారు.

లెక్క వేసి చూద్దాం. నరసాపురం లేసు వ్యాపారికి 10,000 డాలర్లు వచ్చాయనుకుందాం. 2025 డిసెంబరులో డాలరు తొలిసారి 90 రూపాయల గీత దాటింది గనుక, సౌలభ్యం కోసం 90 రూపాయలనే తీసుకుందాం. అంటే 9 లక్షల రూపాయలు. ఈ వ్యాపారి దారం కొనేది రూపాయల్లో, అల్లినవారికి కూలి ఇచ్చేది రూపాయల్లో, రవాణా ఖర్చూ రూపాయల్లోనే. ఆ డాలర్లను 50 రోజులు ఖాతాలో ఉంచి, ఈలోగా పెట్టుబడి కోసం బ్యాంకులో 10 శాతం వడ్డీకి ఓవర్‌డ్రాఫ్టు వాడుకుంటే, వడ్డీ ఖర్చు సుమారు 12,300 రూపాయలు. డాలరు కనీసం ఒక రూపాయి ఇరవై మూడు పైసలు పెరిగితేనే ఆయన నష్టపోకుండా బయటపడతాడు. తగ్గితే రెండు విధాలా నష్టం. లేసు అమ్మడంలో ఆరితేరిన మనిషి మారకపు రేట్ల జూదంలోకి దిగినట్టే. ఇటువంటి వ్యాపారికి విదేశీ కరెన్సీ ఖాతా అలంకారమే తప్ప అవసరం కాదు.

తమిళనాడులోని తిరుప్పూరు బనియన్ల తయారీదారు పరిస్థితి వేరు. కొనుగోలుదారు కోరిన బొత్తాలు, జిప్పులు, యంత్రాల విడిభాగాలు ఆయన తరచూ విదేశాల నుంచి తెప్పించుకోవలసి వస్తుంది. 10,000 డాలర్లు వచ్చినప్పుడు మొత్తాన్నీ బ్యాంకుకు అమ్మి, పది రోజుల తరువాత 4,000 డాలర్లు తిరిగి కొన్నాడనుకుందాం. అమ్మేటప్పుడు బ్యాంకు డాలరుకు 60 పైసలు తగ్గించి కడుతుంది, కొనేటప్పుడు 60 పైసలు పెంచి అమ్ముతుంది అనుకుంటే, ఆ 4,000 డాలర్ల మీదనే 4,800 రూపాయలు వృథా. పైగా ప్రతి మార్పిడి మీదా వస్తు సేవల పన్ను ఉన్నది. 9 లక్షల మార్పిడికి పన్ను విధించదగిన విలువను 5,000 రూపాయలుగా లెక్కగట్టి, దానిమీద 18 శాతం, అనగా 900 రూపాయలు వసూలు చేస్తారు. ఆ 4,000 డాలర్లను ఈఈఎఫ్‌సీ ఖాతాలో ఉంచి నేరుగా దిగుమతికి చెల్లిస్తే ఈ రెండు కోతలూ తప్పుతాయి. ఏటా ఫ్రాంక్‌ఫర్ట్ వాణిజ్య ప్రదర్శనలో దుకాణం పెట్టే మొరాదాబాదు ఇత్తడి సామాను ఎగుమతిదారుకు యూరోల ఖాతా ఉపయోగపడేదీ ఇందుకే.

కనుక ఖాతా తెరిచే ముందు వ్యాపారి వేసుకోవలసిన ప్రశ్న డాలరు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది కాదు. తన ఖర్చులో విదేశీ కరెన్సీలో చెల్లించేది ఎంత అన్నదే.

ఏ కరెన్సీ అన్నది తరువాతి మాట. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు అనేక చిన్న ఎగుమతిదారులు ఐరోపా, బ్రిటన్ మార్కెట్ల వైపు చూపు తిప్పారు. అక్కడి కొనుగోలుదారులు యూరోల్లోనో పౌండ్లలోనో కడతారు. మనవానికి ఉన్నది డాలర్ల ఖాతా ఒక్కటే అయితే, వచ్చిన యూరో ముందు డాలరై, ఆపైన రూపాయి అవుతుంది. ప్రతి మలుపులోనూ కొంత కోత. అలాగని అరడజను కరెన్సీల్లో ఖాతాలు తెరిచి, ప్రతిదానికీ నిర్వహణ రుసుము కట్టుకోవడం కూడా తెలివైన పని కాదు. ఏడాదికి రెండుసార్లు వచ్చే పౌండ్ల కోసం వేరే ఖాతా ఎందుకు?

రెండవ రకం సదుపాయం చెల్లింపుల సంస్థలు కల్పించేది. అమెరికా, బ్రిటన్, ఐరోపాలలో స్థానిక ఖాతా సంఖ్యలను ఇవి మన వ్యాపారికి కేటాయిస్తాయి. కొనుగోలుదారు తన ఊళ్లో తన బ్యాంకు నుంచి పక్క బ్యాంకుకు పంపినంత సులువుగా డబ్బు పంపుతాడు. మధ్యవర్తి బ్యాంకుల కోత ఉండదు. 300 డాలర్ల ఆర్డరులో దారిఖర్చుగా 25 డాలర్లు పోగొట్టుకునే చిన్న వ్యాపారికి ఇది పెద్ద ఊరటే. అయితే ఇది అసలు అర్థంలో ఖాతా కాదు, డబ్బు ప్రవహించే కాలువ. ఆ డబ్బు చాలావరకు రూపాయలుగా మారి ఇక్కడి బ్యాంకు ఖాతాకు చేరుతుంది. 2023 అక్టోబరు 31న రిజర్వు బ్యాంకు ఈ సంస్థలను నేరుగా తన అదుపులోకి తెచ్చుకుని, ఒక్కొక్క వస్తువు లేదా సేవ విలువకు 25 లక్షల రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. అనుమతి పొందిన సంస్థో కాదో చూసుకోకుండా, తెరమీద కనిపించే డాలర్ల నిల్వను చూసి విదేశంలో తనకొక ఖాతా ఉన్నదని మురిసిపోయేవారు చిక్కుల్లో పడతారు. ఎగుమతి సొమ్ము దేశానికి చేరినట్టు రుజువు లేకపోతే చట్టం దృష్టిలో అది రాని బాకీయే.

మూడవది కొత్తది. 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఎగుమతిదారులు విదేశాల్లోనే విదేశీ కరెన్సీ ఖాతా తెరిచి, అక్కడ వచ్చిన సొమ్ముతో దిగుమతులకు చెల్లించుకునేందుకు అనుమతించింది. ఇక్కడా మరుసటి నెలాఖరు గడువే వర్తిస్తుంది. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ వంటి అంతర్జాతీయ ఆర్థిక సేవా కేంద్రంలోని ఖాతాలకు మాత్రం ఆ గడువును మూడు నెలలకు పెంచుతున్నట్టు అదే ఏడాది అక్టోబరులో ప్రకటించారు. ఎగుమతీ దిగుమతీ రెండూ పెద్దయెత్తున సాగించేవారికి ఇది మేలు. నెలకు ఒకటి రెండు బిల్లులు పంపే వ్యాపారి దీని జోలికి పోనవసరం లేదు.

ఇరుగుపొరుగు దేశాలతో వ్యాపారం చేసేవారి సంగతి ప్రత్యేకం. నేపాల్ రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60 చొప్పున ముడిపడి ఉన్నది. అక్కడికి సరుకు పంపేవారికి డాలర్ల బెడద చాలావరకు లేదు. బంగ్లాదేశ్‌తో రూపాయల్లో వాణిజ్యం 2023 జులైలో మొదలైంది. అయినా గుంటూరు మిర్చి పంపే వ్యాపారికి ఆ దేశంతో లావాదేవీలు 1974లో ఏర్పడిన ఆసియా క్లియరింగ్ యూనియన్ ద్వారా జరగడం మామూలే. శ్రీలంకతో వాణిజ్యాన్ని, ఆ దేశం సంక్షోభంలో చిక్కుకున్న 2022లో, ఆ ఏర్పాటు వెలుపల పరిష్కరించుకునేందుకు అనుమతించారు. ఇటువంటి దేశాలకు సరుకు పంపేవారు ఏ మార్గంలో డబ్బు వస్తుందో బ్యాంకును అడిగి తెలుసుకున్న తరువాతే బిల్లులో కరెన్సీ పేరు రాయడం మంచిది.

కాగితాల సంగతి విసుగు పుట్టించేదే అయినా తప్పించుకోలేనిది. ఓడరేవులో దాఖలు చేసిన షిప్పింగ్ బిల్లుకూ, వచ్చిన సొమ్ముకూ లంకె కుదిరితేనే బ్యాంకు వసూలు ధ్రువపత్రం ఇస్తుంది. అది లేనిదే సుంకాల వాపసు, ఇతర ప్రోత్సాహకాలు చిక్కున పడతాయి. 10 లక్షల రూపాయల లోపు బిల్లులను ఎగుమతిదారు స్వయం ప్రకటన మీదనే ముగించే వీలు 2025 అక్టోబరులో కల్పించడం చిన్నవారికి నిజమైన ఉపశమనం. సొమ్ము రాబట్టుకునే గడువును కూడా అదే నవంబరులో తొమ్మిది నెలల నుంచి పదిహేను నెలలకు పెంచారు. ఖాతా కోసం బ్యాంకు మారేవారు కొత్త బ్యాంకు ఏడీ కోడ్‌ను కస్టమ్స్‌లో నమోదు చేయించుకోవడం మరువరాదు. ఈ చిన్న పని మరచి సరుకును రేవులో ఆపుకున్నవారు లేకపోలేదు.

ఖాతా ఏదైనా, అసలు కోత పడేది మారకపు రేటులోనే. ‘రుసుము లేదు’ అన్న ప్రకటనల వెనుక రేటులోనే రుసుము దాగి ఉండటం కద్దు. దీనికి విరుగుడు 2019 ఆగస్టులోనే వచ్చింది. క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నడిపే ఎఫ్ఎక్స్ రిటైల్ అనే వేదికలో చిన్న వ్యాపారి కూడా తన బ్యాంకు ద్వారా నమోదు చేసుకుని, బ్యాంకుల మధ్య నడిచే రేటుకే డాలర్లు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. బ్యాంకు తీసుకునే రుసుము ముందే తెలుస్తుంది. ఇన్నేళ్లయినా బ్యాంకు శాఖలు దీన్ని గురించి ఖాతాదారులకు పనిగట్టుకుని చెప్పకపోవడంలో వింతేమీ లేదు. డాలరుకు 60 పైసలు వదులుకునే లేసు వ్యాపారి ఈ వేదిక ద్వారా అందులో 40 పైసలు మిగుల్చుకోగలిగినా, 10,000 డాలర్ల మీద 4,000 రూపాయలు చేతికొస్తాయి. అందుకు ఏ కొత్త ఖాతా తెరవనక్కరలేదు. ఉన్న బ్యాంకు శాఖకు వెళ్లి నమోదు పత్రం అడిగితే చాలు.