ప్రయాణములో పిన్ను నెంబర్లు

2023లో దుప్పట్ల మూటలతో షోలాపూరు నుండి హైదరాబాదు పోవునప్పుడు మేము చేసిన తప్పు తోడి నేతగాండ్రకు తెలియుట మంచిదని వ్రాయుచున్నాము. ఏ.టి.యం. కార్డును, దాని పిన్ను వ్రాసిన చీటీని ఒకే సంచిలో ఉంచితిమి. రైలులో సంచి పోయినది. బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించులోగా పదివేలు ఎవడో తీసికొనెను. అది కూలి సొమ్ము. ఆ వారము సభ్యుల మొగము చూడలేకపోతిమి.

నాటినుండి చీటీ మానితిమి. కార్డుకు ఒక పిన్ను, ఫోనులోని యు.పి.ఐ.కి వేరొకటి. పుట్టిన సంవత్సరము, ఇంటి నెంబరు పనికిరావు. 4060, 2120 వంటి నూలు నెంబర్లు అసలే వద్దు. పక్క మగ్గము వాడు ఇట్టే చెప్పగలడు. చిన్ననాడు నేసిన అంచులో ఏ రంగుకు ఎన్ని పోగులో తలచుకొనిన అంకెలు వాటంతట అవే వచ్చును. (మా అంచు ఏదని అడుగవద్దు!)

పొడుగు పాస్‌వర్డులు అన్నియు జ్ఞాపకముండవు. అవి ఇంట పెట్టెలో, తాళము క్రింద, పుస్తకములో ఉండవలెను, మూటతో రాకూడదు. బ్యాంకు ఫోను నెంబరు మాత్రము వేరు జేబులో ఉంచుకొనుడు.

ఊరుకాని ఊరిలో బేరగాడు "డబ్బు పంపుచున్నాను, పిన్ను నొక్కండి" అనిన నొక్కవద్దు. యు.పి.ఐ.లో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. మోసపోయినచో తెల్లవారువరకు ఆగక 1930కి ఫోను చేయుడు.