ఇసుక పొట్ట

నేరేడ్‌మెట్‌లో మా ఇంటి గోడ ఒక మూల బీటలిచ్చింది. మూడు మూలలు బండమీద, నాలుగోది పూడ్చిన ఇసుకమీద! ఇంజనీరుగారు ఆ ఇసుకను పరీక్షకు పట్టించుకుపోయారు, వెంట నేనూ వెళ్ళాను.

రబ్బరు తొడుగులో ఇసుక దట్టించి స్తంభంలా నిలబెట్టారు. చుట్టూ నీటి ఒత్తిడి, పైనుంచి బరువు. అంతా ఒకేలా అణుగుతుందనుకున్నాను. అబ్బే! పైనా కిందా పళ్ళేల రాపిడి పట్టి ఉంచడంతో చివరలు విచ్చుకోలేదు; నడుము పీపాలా ఉబ్బింది. అంతలో ఏటవాలుగా ఒక సన్నని పట్టీ! జారడమంతా అందులోనే, తక్కిన ఇసుక నిశ్చింతగా ఉంది.

దట్టించిన రేణువులు జరగాలంటే ఒకదానిమీదొకటి ఎక్కాలి. ఎక్కినచోట ఇసుక వదులవుతుంది. రేనాల్డ్స్ దొర 1885లోనే చెప్పిన సంగతి ఇది. వదులైనచోట బలం తగ్గుతుంది, ఆపై జరిగేదంతా అక్కడే.

కాగితంమీద వేసిన అంకె మాత్రం స్తంభం మొత్తానికి సగటు.

"మా మూల సగటులోదా, పట్టీలోదా?" అన్నాను.

ఇంజనీరుగారు నవ్వారు. "అక్కడ బండదాకా తవ్వించండి" అన్నారు.