ఇంగ్లీషు జోడుమాటలును మన బహువ్రీహియు

ఇంగ్లీషు నేర్చుకొను బాలికలకు ఒక తెగ మాటలు వింత బెదురు పుట్టించుచున్నవి. మనుష్యుల స్వభావమును తెలుపుటకై రెండు మాటలను నడుమ చిన్నగీతతో ముడివేసి ఆ భాషవారు వాడెడు విశేషణములవి: కైండ్-హార్టెడ్, హాట్-టెంపర్డ్, ఆబ్సెంట్-మైండెడ్ మొదలైనవి. వీనిని పట్టికగా వ్రాసి, ఎదుట తెలుగర్థము చేర్చి, వల్లెవేయుమనుటయే నేటికిని పలుచోట్ల వాడుక. నలుబది మాటలు వల్లించిన పిల్ల నలుబదియొకటవ మాట ఎదురుపడగానే తెల్లబోవును. ఆ పట్టికతో పనిలేదనియు, దాని తాళపుచెవి మన వ్యాకరణముననే ఉన్నదనియు మా అభిప్రాయము.

సమాసమన్న పేరు వినగానే చదువుకొన్ననాటి బెత్తము జ్ఞప్తికి వచ్చు సోదరీమణులు కొంచెము ఓర్చుకొందురు గాక. 'కమలాక్షి' యనగా కమలమును గాదు, అక్షియును గాదు. కమలముల వంటి కన్నులు గల స్త్రీ. రెండు పదములును తమ మాట విడిచి మూడవవారిని చెప్పుచున్నవి. ఇదియే బహువ్రీహి. ఆ పేరే దానికి ఉదాహరణము. వ్రీహి యనగా వరిధాన్యము; బహువ్రీహి యనగా విస్తారముగా ధాన్యము గలవాడు. కృష్ణ కాలువల క్రింద వరి పండించుకొను మన సీమవారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మేమి కావలయును? పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులు కూడ ఈ సంస్కృత నామమునే గ్రహించి తమ గ్రంథములలో వాడుచున్నారు.

ఇక కైండ్-హార్టెడ్ అను మాటను విప్పి చూతము. కైండ్ అనగా దయగల. హార్ట్ అనగా హృదయము. కడపట 'ఎడ్' అను తోక. ఈ తోకను చూచి పిల్లలు భూతకాలపు క్రియ యని భ్రమింతురు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. నామవాచకమునకు చేరిన ఈ 'ఎడ్'నకు 'గల' యని యర్థము. కన్నులు గలది, మనసు గలవాడు అని మనము విగ్రహవాక్యమున చెప్పు 'గల' యే వారి 'ఎడ్'. పదునెనిమిదవ శతాబ్దపు నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ పండితునకు నామవాచకములకు ఇట్లు తోక తగిలించుట నచ్చలేదు. గ్రే కవి అట్టి మాట నొకదానిని వాడెనని నొచ్చుకొనెను. పండితులు నొచ్చుకొన్నను భాష ఆగలేదు. ఈ 'గల' చేతబట్టిన పిల్ల నారో-మైండెడ్ అనగా ఇరుకు మనసు గల, షార్ప్-టంగ్డ్ అనగా వాడి నాలుక గల యని ఎవరును చెప్పకయే విప్పగలదు. హార్డ్-వర్కింగ్, సాఫ్ట్-స్పోకెన్, వెల్-బిహేవ్డ్ అనునవి వేరొక తెగ. వానిలో రెండవ మాట క్రియనుండి పుట్టినది. కష్టించి పనిచేయు, మృదువుగా మాటలాడు, చక్కగా నడచుకొను అని చెప్పిన చాలును.

విప్పుట వచ్చినను కూర్చుట వేరు. మా వీధి పిల్ల యొకతె నర్సు చదువు ముగించి, ఇంటర్వ్యూకు పోవలసియుండి, కొన్ని దినములు మాయొద్దకు వచ్చినది. "నీవెట్టిదానవో చెప్పు" మని ఇంగ్లీషున అడిగితిమి. ఆమె తడుముకొనకుండ, తాను కోల్డ్-హార్టెడ్ పిల్లనని చెప్పినది. చల్లని మనసు గలదాననుట ఆమె తాత్పర్యము. ఇంగ్లీషున దాని యర్థము కనికరము లేనిదని! రోగులకు సేవచేయబోవు పిల్ల నోట ఈ మాట వచ్చిన అడిగినవా రేమనుకొందురు? తప్పు ఆ పిల్ల తెలివిది కాదు. చలిదేశమున పుట్టిన భాషకు కుంపటి వెచ్చదనమే ఆదరణ, కావున వారికి దయగలవాడు వార్మ్-హార్టెడ్. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత గల మన సీమలో, చల్లని నీడయు చల్లని మజ్జిగయు ఇచ్చినవారే పుణ్యాత్ములు. "నీ కడుపు చల్లగా" యని దీవింతుము. బెజవాడ ఎండలో నిలిచి, వెచ్చని హృదయమే మంచిదని ఎట్లు తోచును? చిత్రమేమనగా, తల విషయమున మాత్రము రెండు భాషలు కలిసినవి. కూల్-హెడెడ్ అన్న మెప్పు, హాట్-హెడెడ్ అన్న నింద. మనకును బుర్ర వేడెక్కుట మంచిది కాదు గదా.

ఇట్టి గోతులు మరికొన్ని కలవు. ఊరిలో పెద్ద తలకాయ యనగా మనకు పలుకుబడి గలవాడు. బిగ్-హెడెడ్ అనగా పొగరుబోతు. పెద్దమనసునకు బిగ్-హార్టెడ్ సరిపోవును. తోలు మందమని మనము తిట్టుదుము. థిక్-స్కిన్డ్ అను మాట వారికడ తిట్టుగాను వచ్చును, పరుల నిందకు చలింపనివారికి మెప్పుగాను వచ్చును.

కొన్నినాళ్లు గడచినపిదప ఆ పిల్లయే తలవంచుకొని అడిగినది: "పిన్నిగారూ, మా ఇంట్లో అందరూ నన్ను మొండిదాన్ని అంటారు. దానికి ఇంగ్లీషులో ఏమంటారు?" సంబంధము వచ్చినప్పుడు చదువు ముగియువరకు పెండ్లి వలదని పట్టుపట్టినదట; నాటినుండి ఆ బిరుదు. హెడ్-స్ట్రాంగ్ అని యొక మాట కలదు, ఎవరెంత చెప్పినను వినని పెంకితనమునకు. స్ట్రాంగ్-విల్డ్ అని మరియొకటి కలదు. దృఢమైన సంకల్పము గలది యని దానిని విప్పవలెను. రెండును వ్రాసి యిచ్చి, "నీవేది?" అని అడిగితిమి. చాలసేపు చూచి రెండవదాని క్రింద గీత గీసినది. సంస్కృతమున 'దృఢసంకల్ప' యను మాట సిద్ధముగా ఉండగా, మన యిండ్లలో మగపిల్లవానికి పట్టుదలయు ఆడపిల్లకు మొండితనమును ఎట్లు పంచిరో మాకు తెలియదు.

కావ్యములను తిరుగవేసినను ఇట్టి పంపకమే కానవచ్చును. మీనాక్షి, చంద్రముఖి, లతాంగి, మందగమన: స్త్రీని చెప్పు బహువ్రీహులలో ఎన్నో కన్నుల చుట్టును నడక చుట్టును తిరుగుచుండును. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున, స్త్రీని చెప్పునెడ ఉపమానము మీది 'మేను' శబ్దము 'బోడి' యగునని సూత్రమే చేసెను, అలరుబోడి యట్టిది. సత్యసంధుడు, స్థిరచిత్తుడు, మహామతి యనునవి తరచుగ పురుషులకు దక్కినవి. మనకు సుశీల, సుమతి లేకపోలేదు, పతివ్రతయు బహువ్రీహియే. ఆ మాటలను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని పిల్లకు తన బుద్ధిని, ధైర్యమును చెప్పుకొనుటకు మరి నాలుగు మాటలు కావలెను. ఇంగ్లీషు పాఠము మిషతో అవి దొరకిన దొరకనిండు.

మా గవర్నరుపేట యింట ఆదివారము మధ్యాహ్నము ఏడెనిమిదిమంది పిల్లలు చేరుదురు. పట్టికకు బదులు వారికి భారతము నిచ్చితిమి. తెలిసిన మనుష్యులైనచో మాట వెదకుట సుళువు. కర్ణుడు ఓపెన్-హాండెడ్ అని అందరు నొప్పిరి. మయసభలో నవ్విరని మనసున పెట్టుకొన్న దుర్యోధనుడు థిన్-స్కిన్డ్. భీముడు హాట్-టెంపర్డ్. ధర్మరాజును సాఫ్ట్-స్పోకెన్ అనగా, జూదము మాటేమని యొకడు లేచి వీక్-విల్డ్ అన్నాడు. దానిపై ఒక గడియ రభస జరిగినది. ద్రౌపదియొద్ద పాఠము నిలిచిపోయినది. ఎనిమిదవ తరగతి కుఱ్ఱడు ఆమెను కూడ హాట్-టెంపర్డ్ అనియెను. వానికంటె చిన్నదైన పిల్ల ఒప్పుకొనలేదు. తన్ను తాను ముందుగా ఓడినవానికి నన్నొడ్డు హక్కెక్కడిదని నిండుసభలో అడిగినది కోపము కాదనియు, అందరును నోరు మూసుకొన్నచోట ఆమెయొక్కతెయే తెలివితో మాటలాడినదనియు, ఆమె క్లియర్-హెడెడ్ అనియు వాదించినది. మేము ఆ పిల్ల పక్షమే వహించితిమి. కుఱ్ఱడు మాత్రము వచ్చు ఆదివారమునకు సభాపర్వము చదువుకొని వత్తునని పట్టుపట్టి వెళ్లినాడు.