చర్మంలో కాపలా, చంకలో కబురు

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు తప్పవని పెద్దలు భయపెట్టేవారు. అది ఉత్త బెదిరింపు కాదు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ టీకాను హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఏళ్ల తరబడి వేశారు. మన దేశంలో దాని తయారీ 2004 చివరికి ఆగింది. తరువాత వాడుకలో మిగిలింది, ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తయారయ్యే టీకా. దాన్ని కండలోకి కాక చర్మం పొరలోకే ఎక్కించడానికి 2006లో అనుమతి లభించింది. రెండు చేతులకూ 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మొత్తం 0.8 మి.లీ.! కండకైతే ఐదు సీసాలు కావాలి. ఇంత కొంచెం మందు ఎలా సరిపోతుంది?

కండలో అరుదుగా ఉండే డెండ్రైటిక్ కణాలు చర్మంలో దండిగా ఉంటాయి. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్యవిద్యార్థి చర్మానికి బంగారు లవణం పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే, కొమ్మలు చాచిన కణాలు కనిపించాయి. నాడీకణాలనుకున్నాడు. 1973లో న్యూయార్క్‌లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలో అటువంటి కణాలనే చూసి ఈ పేరు పెట్టారు. గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టు. స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. అప్పటికి మూడు రోజుల క్రితమే ఆయన కన్నుమూశారు.

బాహ్యచర్మంలో లాంగర్‌హాన్స్ కణాలు నూటికి మూడో నాలుగో ఉంటాయి. అయినా కొమ్మలు చాచి వల పన్నినట్టు కాపు కాస్తాయి. కింద అంతశ్చర్మంలో మరో రకం ఉంటుంది. టీకా ముఖ్యంగా చేరేది వీటి దగ్గరికే. ఇవి మందును మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను ఒంటికి తగిలించుకొని, లింఫు నాళాల వెంట చంకలోని లింఫు గ్రంథికి చేరతాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, ఆ బిళ్ల ఉబ్బిన లింఫు గ్రంథే. గ్రంథిలో గడప దాటని డెండ్రైటిక్ కణాలూ ఉన్నాయి. లింఫుతో నేరుగా కొట్టుకొచ్చిన మందును అవి గంటల్లోనే అందుకుంటాయి. రెండు రకాలూ ఆ ముక్కలను టి-కణాలకు చూపిస్తాయి. సరిజోడు దొరికితే ఆ టి-కణం విభజన చెంది, ప్రతిరక్షకాలు తయారుచేసే బి-కణాలకు తోడ్పడుతుంది.

ఫాలిక్యులర్ డెండ్రైటిక్ కణాలని అక్కడే మరికొన్ని ఉన్నాయి. పేరు పెట్టినవారు విద్యార్థుల మీద జాలి చూపలేదు. ఇవి ఎముక మజ్జ సంతానమే కాదు. ప్రతిజనకాన్ని ముక్కలు చేయకుండా పట్టుకొని నేరుగా బి-కణాలకు చూపుతాయి.

ఇదంతా జరిగి ప్రతిరక్షకాలు అందేసరికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా వైరస్ ఊరుకోదు. అందుకే కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో పావుగంట కడగాలి. చర్మం చీరుకుపోతే, సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను గాయంలోకే ఎక్కిస్తారు. ఇక టీకా వేసినచోట, నారింజ తొక్కలా గుంటలు పడిన చిన్న బొబ్బ లేవాలి. లేవలేదంటే మందు చర్మం దాటి లోపలికి పోయినట్టే. పక్కన మళ్లీ వేస్తారు.